శుక్రవారం దాటని ఊరు

మొగలిదిబ్బలో ఆ రోజు శుక్రవారం. నిన్నా శుక్రవారమే. దసరా సెలవులు అయి బడి తెరిచిన దగ్గరనుంచి ఆ ఊళ్ళో మరో వారం రాలేదు.

కిటికీ బయట మాత్రం వారాలు మామూలుగానే మారుతున్నాయి. మధ్యాహ్న భోజనంలో ఒకరోజు గుడ్డు, ఒకరోజు చిక్కీ వస్తున్నాయి. కిటికీ లోపల, ఒకప్పటి సైన్సు ల్యాబులో, తొమ్మిదో తరగతి పిల్లలు బల్లలన్నీ గోడకు జరిపి, తలలకు టోపీలు తగిలించుకుని నిలబడ్డారు. హెడ్‌సెట్ అనడానికి బద్ధకించి వాళ్ళే దానికి టోపీ అని పేరు పెట్టుకున్నారు. టోపీ పెట్టుకుంటే కళ్ళముందు మొగలిదిబ్బ. ఇసుక దారి, మొగలి పొదలు, తాటాకు ఇళ్ళు, గుంజలకు ఆరేసిన వలలు.

"ఒరేయ్ బాజీ, ఇవాళ కాపలా నీదే," అంది కెజియా.

"నిన్న కూడా నాదేగా."

"నిన్న నువ్వు రొయ్యలు తింటూ కూర్చున్నావు. దాన్ని కాపలా అనరు."

"ఆటలో రొయ్యలకి రుచేం ఉంటుందే? పాపం వాళ్ళు పెట్టారు కదాని తిన్నా."

సుభాషిణి టీచరు మూలనున్న కుర్చీలో కూర్చుని ఈ మాటలు విననట్టే హాజరు పట్టీ సరిచేసుకుంటోంది. సాంఘికశాస్త్రం చెబుతూ ఆమె జుట్టు నెరిసింది. విననట్టు కూర్చోవడం కూడా ఆ ఉద్యోగంలో నేర్చుకున్నదే.

పందొమ్మిది వందల డెబ్బై ఏడు నవంబరులో, ఒక శనివారం, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. దానికి ముందు వారంరోజులు మొగలిదిబ్బ ఎలా ఉండేదో, బతికి బయటపడ్డవాళ్ళ జ్ఞాపకాలతో అల్లిన ఆట ఇది. పిల్లలు ఆ ఊళ్ళోకి చుట్టాల్లా వెళ్తారు. వల అల్లడం చూస్తారు, బావి దగ్గర తగువులు వింటారు, ఎవరి పొలం ఎవరి చేతిలో ఉందో, బడికి ఎవరు వెళ్ళేవారో ఎవరు వెళ్ళలేకపోయారో అడిగి తెలుసుకుంటారు. అక్కడి మనుషులు జవాబు చెబుతారు. రోజు గడవడానికి ఒకటే నియమం: ఆటలో ఉన్న ప్రతివాళ్ళూ ఎవరో ఒకరి ఇంట్లో అన్నం తిని పడుకోవాలి. అందరూ పడుకుంటే మర్నాడు తెల్లవారుతుంది. ఒక్కరు మేలుకుని ఉన్నా మళ్ళీ అదే రోజు మొదలవుతుంది.

పిల్లలు శుక్రవారం దాకా బుద్ధిగా పడుకున్నారు. శుక్రవారం సాయంత్రం కెజియా పడుకోలేదు. మర్నాడు బాజీ. ఆ తర్వాత ఎ సెక్షనూ బి సెక్షనూ కలిసి వంతులు వేసుకున్నాయి. పైగా ఊరివాళ్ళను కూడగట్టి సముద్రం వైపు మట్టికట్ట పోయడం మొదలుపెట్టారు. ఇవాళ ఆ కట్ట తాటిచెట్టులో సగం ఎత్తుంది.

వారంరోజుల్లో అయిపోవలసిన పాఠం. సుభాషిణి వాళ్ళను ఒక్క మాటా అనలేదు. ఎందుకనలేదో ఆమెకు తెలుసు. నాలుగున్నరకు బడి గంట కొట్టి పిల్లలంతా వెళ్ళిపోయాక, ల్యాబు తలుపు దగ్గరగా వేసి, పెద్ద టోపీ పట్టీ వదులు చేసుకుని, మిగతా కాపలా ఆమే కాసేది.

* * *

సుభాషిణి భర్త వీరభద్రరావు అదే బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పుట్టింది మొగలిదిబ్బలో. ఉప్పెన వచ్చేనాటికి తొమ్మిదేళ్ళవాడు. ఆ ఊళ్ళో మిగిలిన కొద్దిమందిలో ఒకడు. ఆ తర్వాత హాస్టళ్ళలో పెరిగాడు. పెళ్ళయిన కొత్తలో సుభాషిణి ఒకసారి అడిగింది, ఆ రోజు ఏం జరిగిందని. ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళి, నిండుగా గాలి ఉన్న సైకిలుకు మళ్ళీ గాలి కొట్టాడు. ఆమె ఇంక అడగలేదు. వాళ్ళకు పిల్లలు లేరు, కాబట్టి అడిగేవాళ్ళు ఇంకెవరూ లేకపోయారు.

వాళ్ళిద్దరి దగ్గరా చదువుకున్న ప్రవల్లిక పెద్దయ్యాక విజయవాడలో చిన్న ప్రయోగశాల పెట్టింది. ఒకరోజు ఇంటికొచ్చి, వైర్లు కుట్టిన మెత్తటి తలపాగా లాంటిది బల్లమీద పెట్టింది.

"ఇది పెట్టుకుని గుర్తు తెచ్చుకుంటే చాలండీ. మాట ఒక్కటే కాదు, ఆ మాట వెనక తలలో కదిలే దారి, ఇల్లు, వాసన కూడా పట్టుకుంటుంది. మధ్యలో ఖాళీలుంటే యంత్రం ఊహించి అతుకులు వేస్తుంది, పిల్లలు నడవడానికి వీలుగా."

"నా బొమ్మలకంటే బాగా వేస్తుందా ఊరిని?" అన్నాడు భద్రం మాస్టారు.

"మీ బొమ్మల్లో మనుషులు ఎప్పుడూ వీపు తిప్పి ఉంటారు కదండీ సార్."

ఆయన నవ్వి, తలపాగాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఉప్పెనలో బతికి మిగిలిన పెద్దవాళ్ళందరినీ కూడగట్టింది ఆయనే. వాళ్ళు ఒక షరతు పెట్టారు. మా గొంతులు ఫోన్లలో ఊరేగకూడదు, చెప్పింది ఆటలోనే ఉండాలి, ఆట బయట ఏ రికార్డూ మిగలకూడదు అన్నారు. ఆయన ఇంకొకటి కలిపాడు: ఆట మొదటిసారి చివరిదాకా ఆడేది ఈ బడి పిల్లలే కావాలి, ఆ తర్వాతే తక్కిన బళ్ళకి. ప్రవల్లిక రెండింటికీ ఒప్పుకుంది. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి గదిలో కూర్చుని చెప్పి వచ్చారు. ఆయన ఇంటికి వచ్చిన సాయంత్రం సుభాషిణి కాఫీ గ్లాసు ఇస్తూ ముఖం చూసింది.

"ఏం చెప్పారు?"

"ఏముంది, ఊరి దారులు," అన్నాడాయన.

పోయిన వేసవిలో ఆయన, అవనిగడ్డ బస్సు కోసం నిలబడినవాడు నిలబడినట్టే కూలి ప్రాణం వదిలాడు. మందుల చీటీ జేబులోనే ఉంది. ఆమె ఆ తర్వాత ఆయన రంగుల డబ్బాలు తుడిచి సర్దింది, కుంచెలు కడిగింది, అప్పటికే అవి శుభ్రంగా ఉన్నా.

* * *

ఆటలో భద్రం మాస్టారు లేడు. చెప్పినవాళ్ళెవరూ ఆటలో కనిపించరు. ఎవరూ తమను తాము బయటినుంచి చూసుకోరు కనుక, వాళ్ళు చూసినవే అక్కడ ఉంటాయి. కానీ ఆయన చూసిన తల్లి ఉంది. మొగలి పొదల పక్క మూడో ఇల్లు. రత్తమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. కోడలి వయసులో సగం ఉన్న అత్తగారు.

"రండి పంతులమ్మగారూ. అన్నం తిన్నారా?"

"తిన్నానమ్మా."

"తిన్న ముఖమేనా అది? పీట వేసుకోండి. మావాడు ఇప్పుడే ఇటు పరిగెత్తాడు, మీకు ఎదురు రాలేదూ?"

సుభాషిణి వెనక్కి తిరిగి చూసింది. ఇసుక దారిలో ఎవరూ లేరు. ఎప్పుడూ ఉండరు. ఎన్నిసార్లు వచ్చినా, ఏ వేళకు వచ్చినా, అతను అప్పుడే ఇటు పరిగెత్తి ఉంటాడు. మొదటిరోజు ఆమె ఆ దారిన చివరిదాకా నడిచి చూసింది. రెండోరోజూ నడిచింది. తర్వాత పీట మీద కూర్చోవడం అలవాటు చేసుకుంది.

"ఎలాంటివాడమ్మా మీవాడు?"

"మొండి పీత. పట్టుకోబోతే పక్కకి నడుస్తాడు," అంది రత్తమ్మ, పొయ్యిలోకి తాటి కమ్మ ఎగదోస్తూ.

సుభాషిణి పీట ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది. ముప్ఫై ఏళ్ళు ఆయన తనను పిలిచిన పిలుపు అది. తను ట్యూషన్లు మాననన్నప్పుడు, జ్వరంతో బడికి బయల్దేరినప్పుడు, 'మొండి పీతవే నువ్వు' అనేవాడు. అది ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో ఇన్నాళ్ళకు తెలిసింది. చూడగా చూడగా ఇంకా కనిపించాయి. జవాబు చెప్పేముందు చేతులు తుడుచుకోవడం. మాట చివర 'సరేనా మరి' అని ఆగి, అవతలివాళ్ళు తలూపేదాకా చూడడం. వేడివేడిది తినబోతే 'ఉండవే, పొగ పోనీ' అనడం. అత్తగారి నోట ఆమెకు భర్త వినిపించేవాడు. ఇది కాదు పద్ధతని తెలిసే ఆమె రోజూ టోపీ పెట్టుకునేది.

ఒకరోజు రత్తమ్మ అడిగింది. "మీ ఆయన ఏం చేస్తుంటారు పంతులమ్మగారూ?"

"బొమ్మలు వేస్తారు."

"అన్నం పెడతాయా బొమ్మలు?"

"పెట్టాయి. వంకాయ వండితే మాత్రం తినేవారు కాదు. ముక్కలన్నీ కంచం అంచున వరసగా పేర్చి, తర్వాత దొంగలా నా ముఖం చూసేవారు."

రత్తమ్మ నవ్వింది. పొయ్యి వెలుగు ఆమె ముక్కుపుడక మీద పడింది. సముద్రం మీదినుంచి గాలి వచ్చింది. కట్ట మీద మట్టి తట్టలు దించి ఎవరో పాట అందుకున్నారు. సుభాషిణికి ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాలనిపించలేదు.

మర్నాడు మళ్ళీ శుక్రవారం. రత్తమ్మ పీట చూపించింది. ఏదో మాట మీద మాట వచ్చి, కొడుకు గురించి మొదలుపెట్టింది.

"తిండి దగ్గర మహా పేచీ అండీ వాడితో. వంకాయ ముక్కలన్నీ కంచం అంచున వరసగా పేరుస్తాడు. పేర్చి, దొంగలా నా ముఖం చూస్తాడు."

సుభాషిణి చేతిలో గిన్నె కింద పెట్టింది.

వంకాయ మీద భద్రానికి విరక్తి హాస్టల్లో పుట్టింది. అక్కడ ఏళ్ళతరబడి రెండు పూటలా అదే పెట్టారని ఆయనే చెప్పాడు. తొమ్మిదేళ్ళ భద్రానికి వంకాయతో ఏ పేచీ లేదు. ఈ మాట ఆయన జ్ఞాపకంలోది కాదు. నిన్న తను అన్నది ఇవాళ తన చేతికే తిరిగి వచ్చింది, నవ్వుతో సహా.

"ఏమ్మా, అలా ఉన్నారేం?" అంది రత్తమ్మ.

"మీ ఊరికి ఆ కట్ట ఎప్పుడు పోశారమ్మా?" అని అడిగింది సుభాషిణి మెల్లగా.

"ఆ కట్టా? నేను కాపరానికి వచ్చేటప్పటికే ఉందండీ."

టోపీ తీసేసరికి ల్యాబులో కిటికీ రెక్క కొట్టుకుంటోంది. ఆమె బల్లకు ఆనుకుని నిలబడి వెనక్కి గుర్తు చేసుకుంది. మొండి పీత అన్న మాట ముందు ఎవరన్నారు? రత్తమ్మేనా, లేక అంతకుముందు ఏ సాయంత్రమో తనే నోరు జారి అన్నదా? ఎంత వెతికినా తేలలేదు. ఉప్పు తగ్గిందని కూరలో ఉప్పు వేసుకుంటూ పోయి, చివరికి కూర రుచి ఏమిటో మరిచిపోయినట్టుంది ఆమె పని.

* * *

ఆమె ఫోన్ చేయకముందే ప్రవల్లిక వచ్చింది. విజయవాడ నుంచి స్కూటరు మీద, ముఖమంతా దుమ్ముతో. కాళ్ళు కడుక్కుని వరండాలో మెట్టు మీద కూర్చుంది, చదువుకునే రోజుల్లో కూర్చున్న చోటే.

"మీ ఊరు బరువెక్కిపోతోందండీ టీచర్ గారూ," అంది.

"అంటే?"

"అతుకులు. ఖాళీ ఉన్నచోట యంత్రం ఊహించి వేసేవి. పిల్లలతో మాట్లాడిన కొద్దీ ఇంకా వేసుకుంటూ పోతుంది. శనివారంలోకి వెళ్ళగానే అవి రాలిపోయి, పెద్దవాళ్ళు చెప్పింది మాత్రమే మిగిలేట్టు కట్టాం. ఒక్కసారి ఆదివారం దాకా వెళ్ళి ముగిస్తే ఇంక అది ఎప్పటికీ మారదు. కానీ ఇన్నాళ్ళు శుక్రవారంలోనే ఉంటారని అనుకోలేదండీ. అతుకు మీద అతుకు పడింది. ఇలాగే సాగితే ఏది అతుకో ఏది అసలో యంత్రానికే గుర్తు తెలియదు."

"ఎన్నాళ్ళుంది?"

"ఎల్లుండి దాకా చెప్పగలను. తర్వాత నాకు నమ్మకం లేదు. శనివారం చివర చెప్పినవాళ్ళ గొంతులే వినిపిస్తాయి కదా. సార్ గొంతు ఉంటుంది. ఆ గొంతు చెప్పే మాటలు సార్‌వి కాకుండా పోతాయి."

సుభాషిణి వాకిట్లో మందారం కొమ్మను చూస్తూ కూర్చుంది.

"నువ్వు విన్నావుగా ఆ రోజు."

"గదిలో ఉన్నానండీ. కానీ మాటిచ్చాను. నన్నడగొద్దు."

"అడగను."

"విజయవాడ నుంచే ఒక మీట నొక్కి ఆట ముగించెయ్యగలను. కానీ మొదట ఈ పిల్లలే ఆడాలని సార్ అన్నారు. అందుకని నొక్కలేదు."

"సాయంత్రాలు ఎవరు ఆడుతున్నారో కూడా నీకు అక్కడ తెలుస్తుందా?"

ప్రవల్లిక చెప్పు మీద ఇసుక దులుపుకుంది. "తెలుస్తుందండీ," అంది.

సుభాషిణి లోపలికి వెళ్ళి ఉప్మాకి నీళ్ళు పెట్టింది. ప్రవల్లిక వెనకాలే వచ్చి ఉల్లిపాయలు తీసుకుంది. తిన్నంతసేపూ వాళ్ళు విజయవాడ ఎండల గురించి మాట్లాడుకున్నారు.

* * *

"ఇవాళ అందరం పడుకుందాం," అంది సుభాషిణి మర్నాడు.

టోపీలు చేతుల్లో పట్టుకుని పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"టీచర్, శుక్రవారం దాకానే పరీక్షలో ఇచ్చేట్టు చూడండి. మిగతాది వచ్చే ఏడాది చదువుతాం," అన్నాడు బాజీ.

కొందరు నవ్వారు. కెజియా నవ్వలేదు.

"మనం పడుకుంటే వాళ్ళు చచ్చిపోతారండీ."

"నువ్వు పుట్టకముందే, మీ అమ్మ పుట్టకముందే పోయారమ్మా వాళ్ళు."

"అక్కడ పోలేదు కదండీ. అక్కడ కట్ట ఉంది. మేం పోశాం. నీళ్ళొస్తే ఆగుతాయి."

"ఆగుతాయేమో. అప్పుడు మనం చదివేది మొగలిదిబ్బ చరిత్ర కాదు, తొమ్మిదో తరగతి చరిత్ర."

"అయితే ఏమైందండీ? అదే బాగుంటుంది కదా."

సుభాషిణి సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల మధ్యకు వచ్చి నిలబడింది.

"నిన్న ఒకావిడ నాతో అంది, ఆ కట్ట తను కాపరానికి వచ్చేటప్పటికే ఉందని. అంత పెద్ద కట్ట ఉన్న ఊరు ఎలా మునిగిందని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్తాం? ఆ రోజు వాళ్ళకి కట్ట లేదు, పెద్ద మేడ లేదు, ముందుగా వచ్చి గట్టిగా చెప్పినవాళ్ళు లేరు. ఆ 'లేదు' అన్న మాటే వాళ్ళు మనకి చెప్పడానికి వచ్చింది. అది చెప్పడానికి ముసలివాళ్ళు ఆ గదిలో కూర్చుని, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనివి చెప్పి వెళ్ళారు. మనం ఇంతవరకు వినలేదు. మీరే కాదు. సాయంత్రాలు మీ తర్వాత కాపలా కాసింది నేనే."

"మాకు తెలుసండీ," అన్నాడు బాజీ.

"ఎలా తెలుసు?"

"పొద్దున్నే చూస్తే పెద్ద టోపీ పట్టీ వదులు చేసి ఉండేది. బడిలో కొప్పున్నది మీకొక్కరికే."

ఈసారి కెజియా కూడా నవ్వాపుకోలేకపోయింది. నవ్వాక కళ్ళు తుడుచుకుంది. "మీరు ఎవరింటికి వెళ్ళేవాళ్ళండీ?"

"మూడో ఇల్లు. మా అత్తగారు."

కెజియా తన టోపీ పెట్టుకుంది. "నేనూ ఆ ఇంటికే వస్తానండీ," అంది.

* * *

ఆటలో సాయంత్రమయ్యేసరికి మొగలిదిబ్బలో ప్రతి ఇంటికీ చుట్టాలు వచ్చారు. బాజీ చివరి ఇంటి ముసలాయనతో పేకాడి, ఓడిపోయి, నులకమంచం కింద చాప వేసుకున్నాడు. ఒక్కొక్క దీపమే తగ్గింది. రత్తమ్మ ఇంట్లో సుభాషిణి పడుకుంది. కెజియా మాత్రం గడపలో మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. సుభాషిణి పడుకోమని చెప్పలేదు.

"పడుకోవే పిల్లా. రేపు మాట్లాడుకుందాం. సరేనా మరి?" అంది రత్తమ్మ. కెజియా తలూపేదాకా చూస్తూ నిలబడింది.

కెజియా వచ్చి సుభాషిణి పక్కన ఒత్తిగిలింది.

తెల్లవారింది. శనివారం.

"కట్ట ఏదండీ?" ఎక్కడినుంచో బాజీ గొంతు వచ్చింది. కట్ట లేదు. ఉన్న ఆనవాలు కూడా లేదు. ఇసుక తిన్నగా సముద్రం దాకా పోతోంది. ఊళ్ళో ఇంకా చాలా లేవు. కొన్ని ఇళ్ళకు గోడ ఉంది, తలుపు లేదు. బావి ఉంది, బావి వెనక దారి లేదు. గుర్తున్నంతవరకే ఊరు. మధ్యాహ్నానికి గాలి మొదలైంది. చూరు ఆకులు లేచిపోతుంటే రత్తమ్మ తాడు కోసం ఇల్లంతా వెతుకుతోంది.

"టీచర్," అంది కెజియా, సుభాషిణి చెయ్యి పట్టుకుని. "ఆవిడ ముఖం చూడండి."

సుభాషిణి చూసింది. ముక్కుపుడక లేదు. నవ్వినప్పుడు పడే సొట్ట లేదు. చెక్కిళ్ళు, కళ్ళు, ఒక్కొక్కటే ఆవిరి పట్టిన అద్దంలోకి వెళ్ళినట్టు వెళ్ళిపోతున్నాయి. చేతులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఎప్పటికంటే స్పష్టంగా. బొటనవేలి మీద చేప ముల్లు గీరిన గాటు, ఆకుపచ్చ గాజులు, గోళ్ళలో పసుపు.

నీళ్ళు వచ్చే క్షణాన్ని ఆట చూపించదు. చూపించవద్దని పెద్దవాళ్ళు కోరారు. వెలుగు తగ్గిపోయి చీకటవుతుంది. ఎవరు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి గొంతు వాళ్ళకి వినిపిస్తుంది.

చీకటైంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. సుభాషిణి వెన్ను నిటారుగా అయింది. వంటింట్లోకి వచ్చి ఏదైనా అడగబోయేముందు ఆయన అలాగే సవరించుకునేవాడు.

"అమ్మ నన్ను తాటిచెట్టుకి కట్టింది," అన్నాడు భద్రం మాస్టారు. "తాడు దొరకలేదు. తన చీరతోనే కట్టింది. చీర నాకే సరిపోయింది. నువ్వో, అన్నాను. నాకు చేతులున్నాయి కదరా, పట్టుకుంటాను అంది. పట్టుకుంది. చెట్టుని కాదు, నా భుజాన్ని. నీళ్ళు వచ్చాక కూడా ఆ చెయ్యి ఉంది. చాలాసేపు ఉంది. ఎప్పుడు తీసిందో నాకు తెలియదు. తెల్లారి ఎవరో వచ్చి, ముడి ఊడక, కత్తితో కోసి నన్ను దించారు."

మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ ముఖం నాకు గుర్తు లేదు. ఫోటో ఏదీ మిగల్లేదు. తొమ్మిదేళ్ళవాడికి గుర్తుండాలి. లేదు. బొమ్మలు వేయడం నేర్చుకుందే అందుకని. ఎన్నిసార్లు వేసినా చేతులు వస్తాయి, ముఖం దగ్గర ఆగిపోతాను. ఇదంతా సుభాషిణికి చెప్పలేదు. చెబితే ఎలా ఉండేదండీ మీ అమ్మ అని అడుగుతుంది. తను టీచరు కదా, అడుగుతుంది. అప్పుడు తెలీదు అని చెప్పాలి. ఆ ఒక్క మాట పలకలేక మొత్తం మింగేశాను."

గొంతు ఆగింది. మెల్లగా ఆదివారం తెల్లవారింది. తాటిచెట్లు, వాటి వెనక బురద. ఆ తర్వాత అదీ పోయి, ఆట ముగిసిందన్న చిన్న గంట మోగింది.

పిల్లలు టోపీలు తీశారు. బాజీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరో వెక్కుతున్నారు, పక్కవాళ్ళు వీపు నిమురుతున్నారు. బయట మధ్యాహ్న భోజనం కంచాలు చప్పుడవుతున్నా ఒక్కరూ కదల్లేదు. సుభాషిణి టోపీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆయన గొంతు విన్నాక ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. గాలి ఉన్న సైకిలుకు గాలి కొడుతున్న మనిషి వీపు కనిపించింది. ఆ వీపు వెనక ఏముందో ఇన్నాళ్ళకు తెలిసింది.

కెజియా వచ్చి ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే పిల్ల.

"టీచర్, అంతకుముందు మనం చూసిన ముఖం ఆవిడది కాదా అండీ?"

"కాదమ్మా. యంత్రం ఊహించింది."

"మరి నిజంగా ఎలా ఉండేదండీ ఆవిడ?"

"తెలీదు," అంది సుభాషిణి.

మాట గొంతులో ఎక్కడా అడ్డుపడలేదు. ఆయన ఒక్కసారి తనను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంటే, ఆ ఒక్క మాటా ఆయన తరఫున తనే చెప్పి ఉండేది.